చెల్లెలి ఒంటేలు కోసం ఎదురుచూసిన ఇల్లు

నా చిన్నప్పుడు ధర్మవరంలో ఒక పెళ్లికి వెళ్లి వచ్చాక మా ఇంట్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ముందు అన్న పడ్డాడు, మరునాడు నేను. మమ్మల్ని చూసి నవ్విన నాయన ఆ సాయంత్రమే చెంబు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తాడు. ఇదంతా పెళ్లిలో తగిలిన దిష్టి అని తేల్చిన అవ్వ, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు వాంతులకు తోడు దగ్గు కూడా వచ్చింది.

ఆ తర్వాత చంటిబిడ్డ అయిన చెల్లెలికి తగులుకుంది. ఇక ఎవరికీ నవ్వు రాలేదు. అమ్మ భయపడి పక్కింటి అక్కను పిలిచింది. హిందూపురంలో నర్సు చదువు చదువుతున్న ఆ సాయిబుల అమ్మాయి సెలవులకు వచ్చి ఉంది. పాప నాలుక, కళ్లు చూసి, "ఒంటేలు ఎప్పుడు పోసిందమ్మా?" అని అడిగింది. ఎవరికీ గుర్తు లేదు.

"ఇది దిష్టి కాదవ్వా, అంటుకునే జబ్బు. ఒకరి చేతుల నుంచి ఇంకొకరి నోట్లోకి పోతాది. అమ్మా, పాలు మాన్పించొద్దు. కాసేపట్లో ఒంటేలు పోయకుంటే ఒంట్లో నీళ్లు ఎండిపోయినట్టే, పెద్దాసుపత్రికి పోవాల్సిందే."

కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, చక్కెర కలిసిన మందు పొట్లం కలిపి చెంచా చెంచాగా తాగించింది. పాప కక్కితే కాసేపు ఆగి మళ్లీ పట్టింది. మా అందరి చేతా సబ్బుతో చేతులు కడిగించింది. అవ్వ ఒప్పుకోలేదు.

"నా చేతులకేమైందే? పొద్దున పూజకు కడిగినా గదా!"

"పాప గుడ్డలు మార్చినాక కడిగినావా అవ్వా?"

అవ్వ సబ్బు కోసం చేతులు చాపింది.

పాప మాత్రం ఒంటేలు పోయలేదు. నాయన ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఆసుపత్రికని కొత్త పంచె కట్టుకున్న తాతయ్య పాపను ఎత్తుకున్నాడు. గడప దాటబోతూ ఒక్కసారిగా ఆగిపోయాడు.

"పోసిందబ్బా! పోసేసింది!" అని వీధి వీధంతా వినబడేలా అరిచాడు. అమ్మ ఏడ్చేసింది. "ఇంగా పోయి తల్లీ, ఇంగా పోయి" అంటూ అవ్వ తన చీర కొంగు కూడా పట్టింది. ఏం జరిగిందోనని ఆటో అతను లోపలికి తొంగి చూశాడు. తడిసిన పంచెతోనే తాతయ్య అందరికీ చేతులు కలపబోతే అక్క అడ్డం వచ్చింది.

"తాతా, సంతోషం తర్వాత. ముందు సబ్బు!"

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మనవడికి వాంతులని పెనుకొండ నుంచి ఫోన్ వస్తే, ఏం తిన్నాడని అడగను. "ఒంటేలు పోసినాడా?" అంటాను. మా అల్లుడు సిగ్గుపడతాడు, పడనీ. పోశాడని చెప్పేదాకా నేను కుర్చీలో కూర్చోలేను.