పాటిదిబ్బ మీద వంట

నా చిన్నప్పుడు మా చేను పక్క ఊరి మట్టి తిని పండేది. ఆ పక్క ఊళ్ళో మాత్రం మనుషులు లేరు. ఎప్పుడో రాజుల యుద్ధంలో సైన్యాలు దాన్ని తగలబెట్టాయనీ, మిగిలినవాళ్ళు కొల్లేటి లంకల్లోకి పారిపోయి మళ్ళీ రాలేదనీ పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ తరవాత అక్కడ ఎవరూ ఇల్లు కట్టలేదు. మిగిలిన దిబ్బని పాటిదిబ్బ అనేవాళ్ళం. జనం బతికిన చోటు కదా, ఆ మట్టి పొలానికి మంచి బలం. వేసవిలో రైతులు బళ్ళ మీద తోలుకునేవారు.

ఆ ఏడు మా నాన్నగారికి ఆ మట్టే గతి. చౌడు తేలిన మా చేను రెండేళ్ళుగా గింజ ఇవ్వలేదు. తొలకరిలోపు మట్టి పడకపోతే మూడో ఏడూ అంతే. తవ్వకం మొదలైన రెండో రోజు పార కింద మూడు రాళ్ళ పొయ్యి బయటపడింది. దాని మీద మూకుడు మూసిన కుండ, అందులో మాడి బొగ్గయిపోయిన బియ్యం. కూలీలు పలుగులు కింద పెట్టేశారు.

"ఎవరో తినబోయిన కూడండీ ఇది. మేం ముట్టుకోమండీ," అన్నాడు మేస్త్రి.

మా నాన్నగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎనిమిదేళ్ళ పిల్లని, దయ్యాలంటే హడలు, నేను బండి చక్రం వెనక నక్కాను.

అంతలో మా మామ్మ అన్నం క్యారేజీతో వచ్చింది. సంగతి విని, ఆ పొయ్యి ముందు చతికిలబడి కుండలోకి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఎసట్లో బియ్యం పోసి పరిగెత్తింది, మహాతల్లి. పిల్లలు ఎంత ఆకలితో పోయారో," అంది. తరవాత నావైపు తిరిగి, "ఇలా రావే. ఆగిపోయిన వంట మనం పూర్తి చేద్దాం," అంది.

ఇంటి నుంచి బియ్యం, కొత్త కుండ తెప్పించింది. పాత కుండని తనే దిబ్బ అవతలి కొసన పాతిపెట్టి, అవే మూడు రాళ్ళ మీద ఎసరు పెట్టింది. పుల్లలు నా చేతే పెట్టించింది. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి గానీ మూడోదానికి మంట అంటుకుంది. మొదటి ముద్ద ఆకులో పెట్టి ఆ దిబ్బకే వదిలింది. మిగిలింది అందరికీ వడ్డించింది. వద్దన్న మేస్త్రే మారు అడిగి తిన్నాడు, లేచి చెయ్యి కడుక్కుని పలుగు అందుకున్నాడు. ఆ ఏడు మా చేను పండింది.

దయ్యాల భయం పోయిందా అంటే, అబద్ధమెందుకు, పోలేదు. అయినా కష్టం వచ్చిన ఇళ్ళ గుమ్మంలో ఆగడం మానేశాను. మొన్న కొల్లేటి వరద తీసిన మర్నాడు పక్కింటి అమ్మాయి తన ఇంటి గోడల మీది బురద చూసి వాకిట్లోనే కూలబడింది. లోపలికి రానంటే రానంది. ఊళ్ళోవాళ్ళు చుట్టూ చేరి ఓదారుస్తున్నారు. నేను తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, మా ఇంటి నుంచి తెచ్చిన స్టవ్ వెలిగించి, ఎసరు పెట్టి, బియ్యం ఏ అటక మీద పెట్టావమ్మా అని కేకేశాను.

చూపించడానికి లోపలికి వచ్చింది.