ఉప్పు చూసే చెయ్యి

మా అమ్మమ్మకు అనుమానం వచ్చిందంటే సూర్యుడైనా ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకునే ఉదయించాలి. ఆవిడ ఒక హాస్టల్లో వంటమనిషి. ఇంకాస్త బరువు తగ్గితేనే మోకాలికి ఆపరేషన్ అన్నాడు డాక్టరు. తీపి మానేసి, ఉడికించిన కూరగాయలే తింటోంది. మొదట్లో చకచకా తగ్గింది, తర్వాత బరువు చూసే మిషన్ ముల్లు మొండికేసింది. అమ్మమ్మ మిషన్‌ను బోర్లించి వెతికింది. కూరలో దొంగచాటుగా నూనె పోస్తున్నావా అని మా అమ్మను నిలదీసింది. చివరికి నా వంక తిరిగి, "నేనెక్కినప్పుడు వెనకనుంచి నువ్వు గానీ కాలు పెడుతున్నావా?" అంది.

బడి సెలవుల్లో ఒకరోజు ఆవిడ వెంట హాస్టల్‌కి వెళ్లాను. ప్రతి గుండిగలోంచీ గరిటెతో తీసి, అరచేతిలో వంపుకొని చప్పరించి, కళ్లు చికిలించి, మళ్లీ వంపుకుంటోంది. మొదటి రుచి మీద కూడా ఆవిడకు నమ్మకం లేదు.

ఖాళీ గిన్నె ఒకటి ఆవిడ పక్కన పెట్టాను. "నోట్లో వేసుకున్నప్పుడల్లా అంత కూర ఈ గిన్నెలోనూ వెయ్యి అమ్మమ్మా."

"ఉప్పు చూడ్డం కూడా తిండేనా?" అని గొణుగుతూనే వేసింది. వంట అయ్యేసరికి గిన్నె నిండిపోయింది. అమ్మమ్మ దాన్ని ఎత్తి అడుగు కూడా చూసింది. తర్వాత నా ముందుకు తోసింది.

"రేపట్నుంచి ఉప్పు నువ్వే చూడు. లావెక్కితే నా దగ్గరకొచ్చి ఏడవకు."