ఒప్పందంలో లేని ఆడవాళ్లు

వనపర్తి మార్కెట్ యార్డులో రైతులు పోసిన పల్లికాయను చాటలతో చెరిగి మట్టి, రాళ్లు తీసేది మేం ఆడవాళ్లం. బస్తాలకెత్తి, తూకం వేయించి, లారీలకెక్కించేది హమాలీలు. ఇద్దరికీ కూలి ఇచ్చేది పల్లికాయ కొనే సేట్లే. రెండేళ్లకోసారి మా కూలీల సంఘం వాళ్లు సేట్లతో కూర్చుని బస్తాకింత అని రేటు తేలుస్తారు. ఆసారి సంఘం తరఫున లోపల చర్చలకు కూర్చున్న ఐదుగురిలో హమాలీ అయిన నా భర్త ఒకడు. అంతకుముందు సమ్మె జరిగిన నాలుగు రోజులూ మేమూ గేటు ముందు ఎండలో కూర్చున్నాం. సంఘానికి చందా మేమూ కట్టాం.

సాయంత్రం ఒప్పందం చదివి వినిపించారు. హమాలీకి బస్తాకు నాలుగు రూపాయలు పెరిగింది. మా పని ఊసే లేదు.

ఇంటికి రాగానే ఆయన్ను నిలదీశాను. "మా సంగతేంది?"

"రెండూ అడిగితే మాది గూడ పోయేటట్టుండె. మీది మల్లసారి చూద్దమన్నరు సేట్లు."

"వాళ్లంటే నువ్వు సరేనన్నవా? గాడ నీ నోరు పడిపోయిందా?"

మా కూలిని వదిలేసి తమ కూలి పెంచుకున్నారు. ఒళ్లు మండిపోయింది.

తెల్లారి పదిహేడు మందిమీ చాట ముట్టలేదు. సేటు వచ్చి, "మీతోటి మాకు ఒప్పందమే లేదమ్మా, సంఘాన్ని అడుగుపోండ్రి" అన్నాడు.

"అయితే మట్టితోనే కొనుక్కో సేటు" అన్నాను.

నవ్వాడు. మధ్యాహ్నానికి ఆ నవ్వు పోయింది. మట్టి ఉన్న కాయను నూనె మిల్లు వాళ్లు వద్దన్నారు. తూకాలు ఆగాయి. మోయడానికి బస్తాల్లేక హమాలీలు మా మీదికి వచ్చారు.

"మా కడుపు కొడుతున్నరు మీరు!"

"మాది కడుపు కాదా?" అని మాలో పెద్దామె లేచి నిలబడింది.

మూడో రోజు మళ్లీ చర్చలు పెట్టారు. ఈసారి పెద్దామె, నేను లోపలికి వెళ్లాం. గంటసేపు గొడవపడితే బస్తాకు రెండు రూపాయలు పెంచారు. "ఆడోళ్లకు గింత చాలు" అన్నాడు సేటు. పక్కనున్న మా సంఘం నాయకుడు తలూపాడు. అది చూశాక కోపంతోనే సంతకం పెట్టాను.

"గెలిసిన్రు గదా, ఇంక మొఖం అట్ల పెట్టినవేంది?" అన్నాడు నా భర్త, దారిలో.

"సగమే గెలిసినం. మిగిలిన సగం సేటొక్కడే మింగలే."

ఇప్పుడు రేటు మాట్లాడేటప్పుడల్లా ఇద్దరు ఆడవాళ్లు లోపల కూర్చుంటున్నారు. ఆయన మీద నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.