పడవ మేడ మీద పెసరట్టుకి అదనపు చార్జీ

ఆ రోజుల్లో మా కోనసీమలో భోజనం దగ్గర ఎవరైనా "వద్దండి" అంటే దాన్ని నిజమని నమ్మేవాళ్ళు లేరు. నమ్మితే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క. పెళ్ళి పంక్తిలో విస్తరి మీదకి వంగి, రెండు చేతులూ అడ్డంపెట్టి, "బాబ్బాబు, ఇంక ఒక్క మెతుకు కూడా పట్టదండి" అని బతిమాలుకునే మనిషికి, ఆ చేతుల సందులోంచే ఇంకో బూరె జార్చి, దాని నడుం విరిచి నెయ్యి పోసి ముందుకి సాగేవాడే వడ్డన తెలిసినవాడు. మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి, మూడోది కూడా అన్నాక ఇక తినడమే. అన్నీ తిని, చెయ్యి కడుక్కుంటూ "వద్దంటే విన్నారు కారు" అని పెట్టినవాళ్ళ మీద కాస్త విసుక్కుంటే ఆ భోజనం సక్రమంగా పూర్తయినట్టు. ఇదంతా నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్యే. కానీ విశాఖపట్నంలో హోటల్ మేనేజ్‌మెంటు చదివి, మెడకి టై కట్టుకుని వెనక్కి వచ్చేసరికి శుభ్రంగా మర్చిపోయాను. (చదువు మనకి నేర్పేవాటికన్నా మరిపించేవే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నా అంత తెలిసినవాడు గోదావరికి ఈవల గానీ ఆవల గానీ లేడని నా గట్టి నమ్మకం.)

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. మా బాబాయిగారిది కొబ్బరి వ్యాపారం. ఆయన ఒకసారి సరుకు పనిమీద కేరళ వెళ్ళి, అక్కడ జనం డబ్బులిచ్చి మరీ పడవల్లో పొద్దంతా ఊరికే కూచుని తిరగడం చూసి వచ్చారు. "వాళ్ళ కాయ మన కాయ కంటే గొప్పదా ఏంట్రా? మన గోదావరి వాళ్ళ కాలవల కంటే తక్కువైందా?" అని మూడు రోజులు ఇంటిల్లిపాదినీ నిలదీసి, నాలుగో రోజున ఒక పాత లాంచీ కొనేశారు. దానికి తెల్లరంగు వేయించి, కింద భోజనాల హాలు, పైన నీడకి రేకుల కప్పు కట్టించి, హౌస్‌బోటు అని పేరు పెట్టారు. రాజోలు దగ్గర రేవులో పొద్దున్న బయల్దేరి, వశిష్ఠ పాయలో అంతర్వేది వైపు సాగి, మధ్యాహ్నం కింద హాల్లో భోజనం పెట్టి, చీకటి పడకముందే రేవుకి తెచ్చి దింపెయ్యాలి. ఆ పడవకి నేను మేనేజర్ని. మే నెల ఎండలో, గోదావరి మధ్యలో, టై కట్టుకుని నిలబడే మేనేజర్ని.

కాలేజీలో మాకు పాఠాలు చెప్పినవాళ్ళలో ఒకాయన కొన్నేళ్ళు విదేశీ ఓడల్లో పనిచేసి వచ్చారు. ఆ ఓడల్లో కింద పెద్ద హాల్లో భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉంటుందట. పైన మాత్రం, జనం నిక్కర్లతోనూ రబ్బరు చెప్పులతోనూ తీరిగ్గా వచ్చి కూచుని చిరుతిళ్ళు తినే చోటు వేరే ఉంటుందట. దాన్ని క్యాజువల్ డైనింగ్ అంటారు, అక్కడ తింటే అదనపు చార్జీ. ఈ ముక్క నా బుర్రలో బాగా నాటుకుపోయింది. మన పడవ మేడ మీద కూడా ఒక పొయ్యి పెట్టి, వేడివేడి పెసరట్లు వేయించి, దానికి వేరే డబ్బులు తీసుకుందామని బాబాయిగారికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "క్యాజువల్ లీవంటే జీతం కొయ్యరు కదరా. మరి క్యాజువల్ తిండికి డబ్బులు తీసుకోడం ఏంటి?" అన్నారు. నేను ఓడల సంగతంతా మళ్ళీ మొదట్నుంచీ వివరించాను. చివరికి ఒప్పుకుని, "నెల్రోజులు చూస్తాను. పొయ్యి ఖర్చు పొయ్యే తెచ్చుకోవాలి. లేకపోతే పొయ్యీ ఉండదు, వేసే మనిషీ ఉండదు" అన్నారు.

వేసే మనిషి పెద్దమ్మ. నాకు చుట్టం కాదు, ఊరందరికీ పెద్దమ్మే. కాట్రేనికోన నుంచి వచ్చి, బస్టాండు పక్కన పాక వేసుకుని చాలా ఏళ్ళు పెసరట్లు వేసింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాక పోయింది. పెనిమిటి అంతకు ముందే పోయాడు. ఆ తర్వాత ఎవరింట్లో పని దొరికితే వాళ్ళింట్లో చేస్తూ, ఎవరితోనూ పొసగక, కాలక్షేపం చేస్తోంది. నేను వెళ్ళి పిలిస్తే పెనం చంకన పెట్టుకుని ఆ పూటే వచ్చేసింది. "మళ్ళీ నా పొయ్యి నాకిచ్చేవు బాబూ" అంది. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఆ పొయ్యి నిలబడటం నా చేతిలో ఉందన్న భయం మాత్రం తర్వాత పట్టుకుంది.

ఎందుకంటే ఎవరూ తినలేదు. నేను చదువుకున్న పద్ధతిలో, కాస్త ముందుకి వంగి, చెయ్యి వెనక్కి పెట్టుకుని, "పెసరట్టు ఏమైనా తీసుకుంటారా అండీ?" అని ప్రతి ఒక్కరినీ అడిగేవాణ్ణి. "అబ్బే, ఇప్పుడెందుకండీ" అనేవారు. "థాంక్యూ" అని చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయేవాణ్ణి. వాళ్ళు నా వీపు వంక చూస్తూ ఉండిపోయేవారు. ఆలమూరు నుంచి వచ్చిన ఒక రైతుగారు అయితే పొయ్యి పక్కనే కుర్చీ లాక్కుని, అల్లం, జీలకర్ర, ఉల్లిపాయల వాసన పీలుస్తూ, ఒక్క గోదావరి గట్టు కూడా చూడకుండా ప్రయాణమంతా అక్కడే కూచున్నారు. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వద్దన్నారు. రేవులో దిగుతూ మా బాబాయిగారితో, "పడవ బాగుందండి, గోదారి బాగుందండి. పెట్టే దిక్కే లేదండి" అని చెప్పి వెళ్ళారు. ఆ సాయంత్రం బాబాయిగారి చేత నేను తిన్న చీవాట్లు ఏ చార్జీ లేకుండానే దొరికాయి. పెద్దమ్మ పెనం తుడుచుకుంటూ, "అడిగితే ఎవరు తింటారు బాబూ? పెట్టాలి గానీ. ఆదివారం నువ్వు నోరు మూసుకుని ఓ పక్కన నుంచో" అంది. నెల్రోజుల్లో మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

ఆ ఆదివారం పడవ నిండింది. జనం ఎక్కుతుంటే మా ఒకమాట మాష్టారు కనిపించారు. కొత్తపేట హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన ఆయన. చర్చికి కట్టుకున్న తెల్ల పంచెతోనే, భార్యనీ కూతుర్నీ ఇద్దరు మనవల్నీ వెంటబెట్టుకుని వచ్చారు. ఆ మధ్యే రిటైరయ్యారట, పిల్లలకి పడవ ఎక్కిస్తానని మాటిచ్చారట. ఆయనకా పేరు ఎందుకొచ్చిందంటే, మొత్తం మా ప్రాంతంలో వద్దంటే వద్దు, కావాలంటే కావాలి అని అర్థం వచ్చేలా మాట్లాడే మనిషి ఆయనొక్కరే. పరీక్షలయ్యాక ఎవరి తండ్రో అరటిగెల తెచ్చి గుమ్మంలో పెడితే "వద్దు" అని ఒక్కసారి చెప్పి తలుపేసుకున్నారు. ఆ గెల అక్కడే పండి, మేకలు తినేశాయి. అలాంటి మాష్టారు మేడ మీదకి వచ్చి, నేను రాయించిన అదనపు చార్జీల బోర్డు కింద నుంచి పైకీ పై నుంచి కిందకీ చదివి, నన్ను దగ్గరికి పిలిచి, "బాబూ, మాకు కింద భోజనం చాలు. ఇది వద్దు" అన్నారు.

నేను విన్నాను. ఇది దాచి లాభం లేదు, స్పష్టంగా విన్నాను. ఆయన వద్దంటే వద్దేనని కూడా నాకు తెలుసు. పెద్దమ్మ దగ్గరికి రెండడుగులు వేసి, "ఆ బల్ల దగ్గర వడ్డించకు" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ అప్పటికే పెద్దమ్మ ఎత్తుకుంది. అట్టు తీసుకెళ్ళి అడక్కుండా ప్లేట్లో వేసేస్తోంది. "వద్దమ్మా" అంటే "ఊరుకోండి బాబూ, ఇంత బక్కగా ఉన్నారు" అంటోంది. "ఒకటి చాలు" అంటే రెండోది వేసి పైన ఉప్మా పెడుతోంది. మేడంతా నవ్వులు, అల్లప్పచ్చడి కోసం కేకలు. నెల రోజుల్లో మొదటిసారి నా క్యాజువల్ డైనింగు కళకళలాడుతోంది. ఇంకొన్ని ప్లేట్లు కదిలితే పొయ్యి దక్కినట్టే. నేను గోదావరి వంక తిరిగి, నీళ్ళని చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాను. నా వెనకాల మాష్టారి గొంతు "వద్దమ్మా" అనడం, పెద్దమ్మ "పసిపిల్లల ముందు అలా అనకూడదండి, ఆయ్!" అనడం వినిపించాయి. కాసేపటికి తిరిగి చూస్తే ఐదుగురి ముందూ ప్లేట్లున్నాయి. ప్లేట్లో పడ్డ అన్నాన్ని పారేసే మనిషి కాదు గనక మాష్టారు తలొంచుకుని నెమ్మదిగా తింటున్నారు. పిల్లలిద్దరూ మూతులకి పచ్చడి పూసుకుని మూడో అట్టు మీద ఉన్నారు.

సాయంత్రం రేవులో బిల్లులిచ్చేటప్పుడు అసలు తమాషా మొదలైంది. "వద్దన్నానా లేదా? అన్నాను. ఎవరు వేసేరు? ఆవిడ వేసేరు. మరి డబ్బులు నన్నడుగుతారేంటండీ?" అని ఒకరు. ఇంకొకాయన న్యాయంగా మధ్యవర్తిత్వం చేసి, "మొదటిది ఆవిడ మర్యాద, రెండోది నా మొహమాటం. మూడోదానికి ఇస్తానండి, అది నేను కావాలనే తిన్నాను" అన్నారు. అయినా అందరూ నవ్వుకుంటూనే ఇచ్చారు, పెద్దమ్మకి విడిగా చేతిలో పెట్టినవాళ్ళూ ఉన్నారు. చివరికి మాష్టారు మిగిలారు. ఆయన బిల్లు తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూడారు. "కూడిక తప్పు లేదు" అని, జేబులోంచి మడత పెట్టిన నోట్లు తీసి నా వైపు చాపారు.

నాకు ఆ డబ్బు కావాలి. పెద్దమ్మ పొయ్యికి కావాలి. కానీ చదువు చెప్పిన గురువు చేతిలోంచి టక్కున ఎలా తీసుకుంటాం? ఆ ఒక్క క్షణంలో విశాఖపట్నం చదువంతా ఎటో పోయి, ఉగ్గుపాల విద్య తిరిగొచ్చేసింది. "అయ్యో, వద్దండి మాష్టారూ" అన్నాను. "తీసుకో" అన్నారు. "మీ దగ్గరాండీ? వద్దండి" అన్నాను. "తిన్నాం కదా, తీసుకో బాబూ" అన్నారు. ఇక మా ఊళ్ళ పద్ధతి ప్రకారం నేను మూడోసారి వద్దనాలి, ఆయన ఆ నోట్లు బలవంతంగా నా జేబులో కుక్కాలి, నేను "ఎందుకండీ ఇవన్నీ" అనాలి. ఆయనకి అందుబాటుగా ఉంటుందని నేను కాస్త పక్కకి తిరిగి, చొక్కా జేబున్న వైపు ముందుకి పెట్టాను కూడా. "వద్దండి మాష్టారూ, వద్దంటే వద్దు" అన్నాను.

మాష్టారు నా మొహంలోకి ఒక్క క్షణం చూశారు. "సరే" అన్నారు. నోట్లు మళ్ళీ మడిచి తన జేబులో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి తీసి, మనవడి వేలు పట్టుకుని గట్టెక్కి వెళ్ళిపోయారు. నేను జేబు ముందుకి పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. పెద్దమ్మ దూరం నుంచి అంతా చూసి, నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ బిల్లు నా జీతంలోంచి కట్టాను. పొయ్యి నిలబడింది. బాబాయిగారు ఆ ఆదివారం గొడవంతా విని, "తినేవాడితో బేరం మనకి చేతకాదురా, టిక్కెట్టులోనే కలిపేద్దాం" అని నా బోర్డు తీయించి చేపల బుట్ట మీద మూతకి వాడించారు. పడవ నడిచినన్నాళ్ళూ పెద్దమ్మ మేడ మీద అడక్కుండా పెడుతూనే ఉంది. నేను ఆ తర్వాత వేరే ఊళ్ళు, వేరే హోటళ్ళు తిరిగాను. వెళ్ళిన ప్రతిచోటా ఒకమాట మాష్టారి కథ చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి. లెక్కల మాష్టారికి లోకం లెక్క తెలియదని ముగించేవాణ్ణి.

చాలా ఏళ్ళ తర్వాత అమలాపురంలో మందుల షాపు దగ్గర ఒకావిడ నన్ను గుర్తుపట్టి, "మీరు పడవ మేనేజరుగారు కదండీ?" అని పలకరించారు. మాష్టారి కూతురు. ఆవిడా ఇప్పుడు లెక్కల టీచరే. మాష్టారు రెండేళ్ళ కిందట పోయారని చెప్పారు. తర్వాత, నేను అడక్కుండానే, "ఆ రోజు సంగతి నాన్నగారు ఎప్పుడూ మర్చిపోలేదండి" అన్నారు. పెన్షను కాగితాలు అప్పటికింకా ఏ ఆఫీసులోనో తిరుగుతున్నాయట. ఉన్నది టిక్కెట్లకి పెట్టి, జేబులో ఉంచుకున్నది అక్షరాలా కొత్తపేట దాకా ఐదుగురి బస్సు చార్జీ. బిల్లు చూసి, అది కట్టేసి పిల్లల్ని ఎంత దూరం నడిపించగలనా అని అక్కడికక్కడే లెక్క వేసుకున్నారట. "బస్సెక్కేక నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారండి. 'ఆ కుర్రాడు మూడుసార్లు వద్దన్నాడే. మనసులో లేకపోతే ఎవడూ మూడుసార్లు అనడు' అన్నారు. ప్రతి ఏడూ కొత్తగా చేరిన పిల్లలకి నేనూ మీ గురించి చెప్తానండి" అన్నారు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన ముందే వద్దన్న సంగతి, నేను విని కూడా గోదావరి వంక తిరిగిన సంగతి, పక్కకి తిరిగి జేబు చూపించిన సంగతి. కానీ ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి, "ఆయ్, అవునండి" అని మాత్రం అన్నాను. ఇప్పుడు ఆ కథ ఎవరికైనా చెబుతుంటే మే నెల ఎండలో టై కట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవెధవని తలచుకుని నాకే నవ్వొస్తుంది. కానీ ఆ సాయంత్రం రేవులో మాష్టారికి ఎదురుగా వేరే కుర్రాడెవడో కనిపించాడు. ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి, పోయేదాకా గుర్తుపెట్టుకున్నారు. వాణ్ణి నేనూ ఒక్కసారి కలుసుకుని ఉంటే బాగుండేది.