గిట్ట కర్రలు

రాజోలుకు రెండు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు మీద వడ్రంగి దానం ఇల్లు. చుట్టుపక్కల ఏడూళ్ళలో ఎవరికి కాలు పడిపోయినా ముందు ఆ ఇంటికే కబురొచ్చేది.

ఆ పని అతనికి ఎవరూ నేర్పలేదు. పడవలకు చెక్కలు మార్చే మేస్త్రీ దగ్గర ఉలి పట్టడం నేర్చుకున్నాడు, అంతే. డెబ్బై రెండులో అతని ఈడువాడు పోతురాజు కొబ్బరికాయలు దింపుతూ చెట్టు మీంచి పడ్డాడు. ఎడమకాలు చచ్చుబడి ఆరు నెలలు మంచం దిగలేదు. దానం సరుగుడు వాసాలు కోసి చంకకర్రలు చేశాడు. మొదటి జతకు చంకలు ఒరుసుకుపోయాయి. రెండోది బరువెక్కువై మూలన పడింది. మూడో జతతో పోతురాజు లేచాడు గాని, గట్టు మీద నాలుగడుగులు వేసేసరికి కర్ర బురదలో జానెడు దిగింది. మొన వెడల్పు చేస్తే దిగడం తగ్గింది, కాని బురద పీల్చి పట్టుకునేది.

దానం వారం రోజులు పని మానేసి, గేదెలు బురద దాటడం చూస్తూ కూర్చున్నాడు. కాలు మోపగానే గేదె గిట్ట రెండుగా విచ్చుకుంటుంది. ఎత్తేటప్పుడు ఆ సందులోంచి గాలి దూరి బురద వదిలేస్తుంది. రెండు తుమ్మచెక్క ముక్కల్ని మధ్యలో సందు ఉంచి, కింద లారీ టైరు పట్టీ కొట్టి కర్రకు తొడిగాడు. ఆ రోజు నుంచి పోతురాజు ఎక్కడా ఆగలేదు. అందరూ వాటిని గిట్ట కర్రలన్నారు.

తర్వాత పోలియో పిల్లలొచ్చారు, పక్షవాతం వచ్చిన ముసలివాళ్ళొచ్చారు. దానం కొబ్బరి ఈనెతో కొలత తీసుకుని, గాటు పెట్టి, ఇంటి చూరులో గుచ్చేవాడు. మనిషికో ఈనె. కర్ర ఇచ్చి ఊరుకునేవాడు కాదు. ఈ పిల్లను గుమ్మం పక్క బల్ల మీద కూర్చోబెట్టండని హెడ్మాస్టరును అడిగేవాడు. మంచం పట్టినవాడి ఇంటికి మంగలిని పంపేవాడు. రేవులో పట్టుకుని దిగడానికి రాటలు పాతేవాడు. ఆ పనికి పేరంటూ ఏమీ లేదు.

పేరు ఎనభై ఒకటిలో వచ్చింది. అమలాపురంలో ఒక సేవాసంఘం వెలిసి, రాజోలు వైపు సమన్వయకర్తగా సలోమిని వేసింది. ముప్పై ఏళ్ళ మనిషి, ఒక సైకిలు, ఒక రిజిస్టరు. మూడు నెలలు తిరక్కుండా పదకొండు మందికి పింఛను ఇప్పించింది. పోలియో పిల్లల్ని డాక్టరుకు చూపించింది. దానం తొమ్మిదేళ్ళలో ఒక్కరికీ పింఛను తేలేకపోయాడు. ఆవిడ చేతకాని మనిషైతే నవ్వి ఊరుకునేవాడే. పని తెలిసిన మనిషి కావడమే అతనికి మింగుడు పడలేదు.

ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ ముందే వచ్చి వెళ్ళి ఉండేది. "ఇప్పుడే కాఫీ తాగి వెళ్ళేరండి" అనేవారు. తొమ్మిదేళ్ళుగా తనకు మజ్జిగ ఇచ్చిన ఇళ్ళే అవి.

"అలా పళ్ళు కొరికితే అరిగిపోతాయయ్యా. ఆవిడేవన్నా నీ ఉలి పట్టుకుపోయిందా?" అంది భార్య ఎలీసమ్మ.

"ఉలెందుకే? ఊళ్ళకి ఊళ్ళే పట్టుకుపోయింది."

మే నెలలో సంఘం వారు చర్చి వరండాలో ముప్పై రెండు జతల అల్యూమినియం కర్రలు పంచారు. ఎంత పొడుగు కావాలంటే అంత దించుకునేందుకు బెజ్జాలున్నాయి. దానం ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఈకలా ఉంది. ఆ బెజ్జాల అమరిక చూసి, తనకెందుకు తోచలేదా అని కడుపు మండింది. తర్వాత కర్ర తిరగేశాడు. అడుగున రబ్బరు రూపాయి బిళ్ళంతే ఉంది.

సిమెంటు నేల మీద అందరూ టకటకమని నడుస్తున్నారు. పోతురాజు కూడా ఒక జత పట్టుకుని, మాట కోసం దానం వైపే చూస్తున్నాడు.

"దానం గారూ, పనితనం తెలిసినవారు మీరు. ఎలా ఉన్నాయండీ?" అని సలోమి అడిగింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయండమ్మగారూ" అన్నాడు. వాన పడనీ, అనుకున్నాడు లోపల.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే ఆకాశం చూసేవాడు. జూన్ రెండో వారంలో తొలకరి కురిసింది. దానం గొడుగు తీసుకుని, ఏదో పనున్నవాడిలా గట్టు మీదికి నడిచాడు. ఎదురుగా పోతురాజు కొత్త కర్రలతో వస్తున్నాడు. కుడి కర్ర మూరెడు దిగిపోయింది. లాగేసరికి రబ్బరు బురదలోనే ఉండిపోయి, వట్టి గొట్టం పైకొచ్చింది. మనిషి చెయ్యి కింద మడతపడేలా పడ్డాడు.

దానం పరుగెత్తి లేవనెత్తబోయాడు. పోతురాజు మణికట్టు పట్టుకుని మూలిగాడు.

"ఏరా, చూడ్డానికొచ్చేవా?"

దానం వంగి బురదలో దిగిపోయిన రబ్బరు తవ్వి తీశాడు.

"చర్చి కాడ కర్ర తిరగేసినప్పుడు నీ మొహం చూసేన్రా. ఏదో ఉందనుకున్నాను. ఇంతలో బ్రహ్మాండం అన్నావు. ఆవిడ ఇచ్చిందని కాదు, నువ్వు అన్నావని పాత కర్రలు వదిలేసేను."

చెయ్యి విరిగింది. అదే వానకు మరో ఇద్దరు పడ్డారు.

ఆదివారం ఆరాధన అయ్యాక సలోమి అందరినీ ఆపింది. "తప్పు నాదండీ. సిమెంటు మీద నడిపించి చూసేను గాని, మీ గట్లు చూసుకోలేదు" అంది.

"అయ్యో, మీరంత మాటనకండమ్మా" అన్నారు జనం. దానానికి ఒళ్ళు మండింది. తప్పు ఒప్పుకోవడంలోనూ ఆవిడే ముందుంది. దానికీ మెప్పు ఆవిడకే. ఇక నోరు మూసుకుంటే సరిపోయేది. ఎదర వరసలో పోతురాజు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అతని వైపు చూడకుండా కూర్చున్నాడు.

దానం లేచాడు. "ఆవిడది కాదండి తప్పు. నాకా రోజే తెలుసు. అడిగినా చెప్పలేదు."

"మనుషుల్ని లేపి నిలబెట్టిందీ నువ్వే, పడగొట్టిందీ నువ్వేనన్నమాట. బాగుందయ్యా!" అన్నారు వెనక నుంచి ఎవరో. ఒక్కరూ నవ్వలేదు.

సలోమి పక్కనున్న అల్యూమినియం కర్ర తీసి అతనికి చూపింది. ఫరవాలేదని అనలేదు. "ఈ గొట్టానికి మీ గిట్ట పడుతుందాండీ?"

"ఆయ్, పడుతుందండి. లోపల చెక్క బిరడా దించి మేకు కొట్టాలి."

"ముప్పై రెండు జతలు. ఎన్నాళ్ళు?"

"పన్నెండు రోజులండి."

"వాన అన్నాళ్ళు ఆగదండీ. ఎవరికి ముందు కావాలో వరస రాసిస్తాను."

తన మనుషుల వరస తనకే చెబుతుందా అని గింజుకున్నాడు. అయినా కాయితం పట్టుకుని కూడబలుక్కుని చదివాడు. ఒక్క పేరు దగ్గర ఆగి, "ఈవిడ రేవులో నీళ్ళు మోసుకుంటదండి. మూడోది కాదు, మొదట ఉండాలి" అన్నాడు. సలోమి కొట్టేసి మార్చింది.

చెక్క కోసేటప్పుడు గట్టు మీద పోయేవాళ్ళ మాటలు వినబడేవి: సలోమి గారు గిట్టలు వేయిస్తున్నారంట. ఒకసారి సుత్తి దెబ్బ అడ్డంగా పడి మేకు వంగింది. వంకర మేకు పైకి కనబడదు గాని, ఆరు నెలల్లో చెక్కను చీలుస్తుంది. దానం దాన్ని పీకేసి, మరొకటి తిన్నగా దించాడు.

పోతురాజు జత పట్టుకుని దానమే వెళ్ళాడు. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది గనక ఒక్క కర్రే తీసుకున్నాడు పోతురాజు. ఈసారి ఎలా ఉందిరా అని దానాన్ని అడగలేదు. గుమ్మం ముందు బురదలో దాన్ని మూడుసార్లు దించి లాగాడు, మూడుసార్లూ గిట్టతో సహా పైకొచ్చింది. అప్పుడు గాని దాని మీద బరువు వెయ్యలేదు.