కోదాడ బస్సులో ముగ్గురం

సూర్యాపేటలో కోదాడ బస్సెక్కగానే మా ఊరు చివ్వెంల ముసలమ్మ ఒకామె లేచి, "కూసో దొరా" అంది. మా భూములు ఎప్పుడో పోయాయి, ఆ పిలుపు మిగిలింది. కూర్చున్నాను.

అదే సీట్లో కిటికీ పక్కన ఆస్ట్రేలియా యువకుడు. ప్రభుత్వమూ యజమానులూ అక్కర్లేదనే అరాచకవాదినని చెప్పుకున్నాడు. ఆమె ఎందుకు లేచిందని ఇంగ్లీషులో అడిగాడు. "ఒకప్పుడు ఈ నేలంతా మాది" అన్నాను.

"మా తాతలూ ఆదివాసుల నేల లాక్కుని అదే అన్నారు. ఇప్పుడు ప్రతి సభ ముందూ ఈ నేల వాళ్లదేనని చెప్తాం. చెప్పి, దాని మీదే కూర్చుంటాం."

కోపమొచ్చింది.

"ఏమంటుండు దొరా ఆ పిలగాడు?" అంది ముసలమ్మ.

"సీటు నీదంటున్నాడు" అని లేవబోయాను.

"నాదే మరి. అయితే నువ్వెందుకు లేసుడు? జర జరుగు, ముగ్గురం పడతం."

జరిగాను. కోదాడ దాకా ఆమె భుజం నా భుజానికి ఆనుకునే ఉంది.