టోవా పాయోలో ఆఖరి చరణం

ఒకే ఒక్క చరణంతో సంఘం మొత్తాన్ని వీధిన పడేయబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. చూసుకోండి, నేనే. కాస్త కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చోండి, జరగబోయేది చిన్న ప్రమాదం కాదు.

తప్పంతా నా బాల్యానిది. నాన్న గుంటూరు నుంచి వెళ్లి బ్రిటన్‌లోని వేల్స్‌లో, కొండల నడుమ ఒక పల్లెటూళ్లో డాక్టరుగా స్థిరపడ్డారు. అక్కడ మనుషులకన్నా గొర్రెలు ఎక్కువ, గొర్రెలకన్నా వానలు ఎక్కువ. ఆ ఊరి ప్రార్థనామందిరంలో నూనె రాసిన జడ నాదొక్కటే. ప్రసంగం మొదలవగానే పక్కనున్న ప్రైస్ మామ్మ నా అరచేతిలో పిప్పరమెంటు పెట్టేది. అది కరిగేలోగా ప్రసంగం ముగిస్తే ఆ వారం అద్భుతం జరిగినట్టే.

కానీ పాట మొదలైతే! గొర్రెల కాపరులు, బడి పంతులమ్మ, పోస్టాఫీసు ఆయన, అందరూ పుస్తకం ముట్టకుండా నాలుగు రకాల స్వరాలు కలిపి పైకప్పు లేచిపోయేలా పాడేవారు. బాగా కుదిరితే ఆఖరి చరణం మళ్లీ ఎత్తుకునేవారు. ఇంకా బాగా కుదిరితే మళ్లీ. అసలు కుదరకపోతే, కుదిరేదాకా. బయట ఎలాగూ వానే కదా, ఎవరికీ తొందర లేదు. దేవుడు లోకమంతటికీ పాటను ఇలాగే నియమించాడని నేను నమ్మాను.

ఆ నమ్మకాన్ని పెట్టెలో సర్దుకునే, చదువయ్యాక, ఉద్యోగానికి సింగపూర్ వచ్చాను.

మా తెలుగు క్రైస్తవ సంఘం అక్కడి టోవా పాయోలో ఒక అద్దె హాల్లో కూడుకునేది. మధ్యాహ్నం కాగానే అదే హాలు తమిళ సంఘానికి. మేము అప్పటికే చాలాసార్లు ఆలస్యం చేశాం. హాలు చూసుకునే లిమ్ అంకుల్ ఒక ఆదివారం ఉదయం తలుపు దగ్గరే, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ యాసలో, చెప్పేశాడు. "టుడే లేట్ అయితే, నో మోర్ హాల్ లా!"

సరిగ్గా ఆ రోజే పాటలు పాడించే సిస్టర్ గొంతు పోయింది. మా సంఘ పెద్ద దానియేలు అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మాయ్, ముగింపు పాట నువ్వు ఎత్తుకోవాలి. నాలుగు చరణాలు, ఆశీర్వాదం, బయటికి. అర్థమైందా?"

"అలాగే అంకుల్!"

"అర్థమైందనే అంటారు అందరూ," అని గొణుక్కున్నారు.

పాడాను. వెనక వరసలో షిప్‌యార్డులో పనిచేసే మా బ్రదర్స్, వారానికి దొరికే ఆ ఒక్క సెలవులో దాచుకున్న గొంతంతా తీశారు. నాకు ఒళ్లు పులకరించింది. పాట కుదిరింది! దానియేలు అంకుల్ ఆశీర్వాదానికి చేతులెత్తారు. నేను ఆఖరి చరణం ఎత్తాను.

సంచులు సర్దుకుంటున్న వాళ్లు ఉలిక్కిపడి మళ్లీ లేచారు. అంకుల్ నా వైపు చూస్తూ చేతి గడియారం మీద వేలితో టకటకా కొట్టారు. ఆహా, పెద్దాయన తాళం వేస్తున్నారు! ఉత్సాహం ఆగలేదు. మళ్లీ ఎత్తాను. ఆయన ఇంకా గట్టిగా కొట్టారు. నేను ఇంకా గట్టిగా పాడాను. బైబిల్లో యెరికో కోట గోడలు ఇంతకన్నా తక్కువ కేకలకే కూలాయి.

ధడేలున తలుపు తెరుచుకుంది. లిమ్ అంకుల్! ఆయన వెనక భోజనం డబ్బాలతో తమిళ సంఘం.

"ఏయ్! టైమ్ ఓవర్!"

నా పాట ఠక్కున ఆగిపోయింది. బ్రదర్స్‌ది ఆగలేదు. ఆ రాగం తమిళంలోనూ ఉందట. తమిళ పాస్టరుగారు డబ్బా కింద పెట్టి అందుకున్నారు, ఆయన వెనక ఆడవాళ్లందరూ. రెండు భాషలు, నాలుగు స్వరాలు. కళ్లు మూసుకుంటే ఆ కొండలు, ఆ వాన. పాట ముగిసింది.

ముందుగా తేరుకున్నది దానియేలు అంకులే. "ఏంటమ్మా ఇది! ఆఖరి చరణమంటే ఆఖరిది కాదా?"

"వేల్స్‌లో ఇంతే అంకుల్..."

"ఇది టోవా పాయో అమ్మా!"

లిమ్ అంకుల్ తమిళ పాస్టరుగారి మీదికి తిరిగాడు. "వీళ్లు లేట్. ఇప్పుడు మీరూ లేట్. నేనేం చెయ్యాలి?"

మా హాలు పోయిందనే అనుకున్నాను. పాస్టరుగారు మాత్రం నిదానంగా గడియారం చూసుకున్నారు.

"లేటా? మా మొదటి పాట ఇదే కదా. మేము టైముకే మొదలుపెట్టాం."

లిమ్ అంకుల్ లోపలంతా ఒకసారి చూశాడు. "ఓకే లా," అన్నాడు చివరికి. "నెక్స్ట్ వీక్ ఆల్సో ఇలాగే పాడండి. కానీ డోర్ ఓపెన్ పెట్టండి. బయట నాకు సరిగ్గా వినపడట్లేదు."

స్తోత్రం! హాలు నిలిచింది. ఆనాటి నుంచి నేటి వరకు ప్రతి ఆదివారం మా ముగింపు పాటే వాళ్ల ప్రారంభ గీతం. అది ఎత్తుకునే పని ఎవరిదో వేరే చెప్పాలా?

ఒట్టు పెట్టకూడదని సండే స్కూల్లోనే నేర్చుకున్నదాన్ని, కనుక పెట్టను. అయినా సర్వ సంఘం ఎదుట గంభీరంగా ప్రకటిస్తున్నాను: ఇకమీదట ఏ ఆఖరి చరణాన్నీ ఇష్టమొచ్చినట్టు మళ్లీ ఎత్తుకోను. తలుపు దగ్గరికి తమిళ సంఘం వచ్చి నిలబడేదాకా బుద్ధిగా ఆగుతాను.